ఆకుపచ్చ సీసా

ఒమాన్‌లోని రువిలో మేం ఆరుగురం ఉండే గదిలో, కిటికీ గట్టు మీద ఒక ఆకుపచ్చ సీసా ఉండేది. గ్రీన్ టీ సారం, యాంటీ ఆక్సిడెంట్, కాలేయానికి రక్ష అని దాని మీద రాసుండేది. అది మేం అన్న అని పిలిచే ఆయనది. జగిత్యాల పక్క పల్లె, టైల్స్ మేస్త్రీ, ఒమాన్‌లో పన్నెండేళ్లు. వయసులో మా అందరికీ పెద్ద.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. ఆ ఏడాది ఆ మూడు గంటలూ అన్న దవడ పట్టుకొని మంచం మీదే దొర్లాడు. పన్ను పీకిస్తే ఎన్ని రియాళ్లవుతాయో లెక్క చూసి, ఇంటికి డబ్బు పంపినాక పోదామన్నాడు. నాలుగు గంటలకోసారి రెండు పారాసెటమాల్ మాత్రలు. పైన జలుబు పొడి, నడుంనొప్పి మాత్ర. ఆ రెండింట్లోనూ ఉన్నది పారాసెటమాలే. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఆయనకు ఏడు దాటింది.

“అన్నా, ఇన్ని మింగొచ్చా?” అన్నాను.

“ఏం గాదు తమ్మీ, లివర్‌కు అది ఏస్తున్న గదా,” అని సీసా వైపు చూపించాడు.

పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని కట్టిపడేసేది గ్లూటాథయోన్. అది ఒంట్లోనే తయారయ్యే అసలైన యాంటీ ఆక్సిడెంట్, తిండి తింటేనే నిండే కొట్టు. పంటి పోటుకు అన్న నోట్లోకి ముద్ద పోలేదు, నాలుగు రోజులు సులేమానీ చాయ్‌తోనే గడిపాడు. కొట్టు ఖాళీ అవుతుంటే పరగడుపున ఆ సీసాలోని గ్రీన్ టీ గొట్టం మాత్రలు. ఆ సారంలో ఉండే ఈజీసీజీ (EGCG) అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన పడితే కాలేయానికి ముప్పు తేవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఎలుకలకు పారాసెటమాల్ ఇచ్చాక ఇదే సారం ఇస్తే కాలేయం మరింత దెబ్బతిందని 2012లో ఒక పరీక్షలో తేలింది. మనుషుల్లోనూ అంతేనని నేను ఒట్టు వేయను. సీసా అన్నను చంపిందనీ అనను. చంపింది లెక్కలేని మాత్రలు. సీసా ఆయనకు ధైర్యం అమ్మింది, అంతే.

మాత్రలు మొదలెట్టిన నాలుగో రోజు వాంతులయ్యాయి. ఎండ దెబ్బ అనుకున్నాం. మర్నాడు కళ్లు పసుపు ముద్దలు. ఊరి నుంచి వదిన ఫోన్లో, కామెర్లకు నేల ఉసిరి దొరుకుతుందేమో చూడమంది. అప్పటికే అన్న నా పేరు మరిచిపోయాడు.

ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు 1970ల నుంచీ ఉంది. అది గ్లూటాథయోన్ కొట్టును మళ్లీ నింపుతుంది; ఎంత తొందరగా ఎక్కిస్తే అంత పని చేస్తుంది. అన్నను మేం ఆసుపత్రికి తీసుకెళ్లింది ఐదో రోజు సాయంత్రం.