అమెరికా అధ్యక్షుడు మంత్రులను ఎలా ఎంచుకుంటాడు? అందులో అణగారిన వారి వాటా ఎంత?

మంత్రివర్గ విస్తరణ జరిగిన ప్రతిసారీ ఎస్సీలకెన్ని, ఎస్టీలకెన్ని అని మనం లెక్క చూసుకుంటాం. అధ్యక్ష తరహా పాలన ఉన్న అమెరికాలో ఈ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం.

ఎంపిక ఎవరిది?

మన రాజ్యాంగం ఆర్టికల్ 75 ప్రకారం ప్రధాని సలహా మేరకు రాష్ట్రపతి మంత్రులను నియమిస్తారు. మంత్రి అయినవారు ఆరు నెలల్లోగా పార్లమెంటు సభ్యులు కావాలి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ అధ్యక్షుడే పేర్లు ప్రతిపాదిస్తాడు. కాంగ్రెస్ సభ్యులు మంత్రులు కావాలంటే ఆ సభ్యత్వం వదులుకోవాలి. అందుకే మాజీ గవర్నర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు, కంపెనీల అధిపతులు కూడా ఎక్కువగా కనిపిస్తారు. కేబినెట్‌లో ఉపాధ్యక్షుడితో పాటు 15 శాఖల అధిపతులు ఉంటారు.

సెనేట్ వడపోత

ప్రతిపాదించిన వ్యక్తి ఆస్తుల వివరాలు ఇవ్వాలి. సెనేట్ కమిటీ బహిరంగంగా ప్రశ్నిస్తుంది. ఆ తర్వాత సెనేట్‌లో సాధారణ మెజారిటీ రావాలి. 1989లో రక్షణ మంత్రి పదవికి ప్రతిపాదించిన జాన్ టవర్‌ను సెనేట్ 53-47 ఓట్లతో తిరస్కరించింది. మంత్రిని తొలగించడానికి మాత్రం అధ్యక్షుడికి సెనేట్ అనుమతి అక్కర్లేదు.

177 ఏళ్ల నిరీక్షణ

1789లో వాషింగ్టన్ అధ్యక్షుడయ్యాడు. తొలి నల్లజాతి మంత్రి రావడానికి 1966 దాకా పట్టింది. ఆయన హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన రాబర్ట్ వీవర్. నగరాల కోసం కొత్త శాఖ పెట్టి వీవర్‌కు ఇస్తానని 1962లోనే కెన్నెడీ ప్రకటిస్తే, ప్రతినిధుల సభ ఆ శాఖనే అడ్డుకుంది. దక్షిణాది సభ్యుల వ్యతిరేకత అందుకు ఒక ముఖ్య కారణం. చివరకు జాన్సన్ హయాంలో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ ఏర్పడి, వీవర్ దాని తొలి మంత్రి అయ్యారు.

1977లో అదే శాఖకు ప్యాట్రీషియా హారిస్ వచ్చారు. కేబినెట్‌లో తొలి నల్లజాతి మహిళ ఆమె. పేదల గోడు మీకు అర్థమవుతుందా అని ఒక సెనేటర్ ప్రశ్నిస్తే, తాను రైలు డైనింగ్ కారులో పనిచేసిన కార్మికుడి కూతురినని గుర్తుచేశారు. ఆదివాసీలకు ఇంకా ఆలస్యమైంది. 2021లో గానీ డెబ్ హాలండ్ మంత్రి కాలేదు. ఆదివాసీ వ్యవహారాలు చూసే అంతర్గత శాఖే ఆమెకు దక్కింది.

మనకేమిటి?

ఈ విషయంలో రెండు దేశాలదీ ఒకటే కథ. లోక్‌సభలో ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 రిజర్వుడు స్థానాలున్నాయి. కేంద్ర మంత్రివర్గంలో మాత్రం రిజర్వేషన్ లేదు. పేరు పెట్టే అధికారం ఉన్న మనిషి దయ మీదే వాటా ఆధారపడుతోంది. కాబట్టి ఎంతమంది మంత్రులయ్యారన్న లెక్కతో ఆగకూడదని మేం భావిస్తున్నాం. ఏ శాఖ ఇచ్చారు, ఎంత బడ్జెట్ ఇచ్చారు, నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉంది అని కూడా అడగాలి.