రెండుసార్లు కాలిన కాలేజీ

మక్కబెండ్లు ఇంకో నాలుగు ఎయ్యిరా, మంట సల్లారవట్టె. చర్చి గంట కొట్టేదాక శాన టైమున్నది. దగ్గరికి జరిగి కూసోండ్రి, ఓ పాత ముచ్చట జెప్త.

ఇయ్యాల్టి లెక్కనే క్రిస్మస్ ముందురోజు. 1784ల, అమెరికాల బాల్టిమోర్ అనే ఊర్ల మెథడిస్టు బోధకులంత ఓ చిన్న గుడిల కూడిండ్రు. ఇంగ్లండు నుంచి మెథడిస్టుల పెద్ద జాన్ వెస్లీ పంపిన థామస్ కోక్ ఆడికొచ్చిండు. ఆక్స్‌ఫర్డుల సదివి డాక్టరు పట్టా పొందినోడు. ఆయనకు జోడి ఫ్రాన్సిస్ ఆస్బరీ. ఈయన కొలిమికాడ పని జేసి పెరిగినోడు, బడి మొఖం జూసింది తక్కువ. ఆ కూటంల ఓ కాలేజీ కట్టాలని తీర్మానమైంది. బోధకుల కొడుకులు, అవ్వ అయ్య లేని పోరలు ఆడ సదువుకోవాలె. పేరేం బెట్టిండ్రంటరు? కోక్ పేరు, ఆస్బరీ పేరు కలిపి కోక్స్‌బరీ!

ముసలి వెస్లీకి ఇది నచ్చలె. నేను పెట్టుకున్నది బడి, మీకు కాలేజే కావాలెనా, పైంగ మీ పేర్లే పెట్టుకుంటరా అని ఆస్బరీకి ఉత్తరం రాసి గట్టిగనే మందలిచ్చిండు.

ఆస్బరీ గుర్రమెక్కి ఊరూరు తిరిగి చందాలడిగిండు. మేరీల్యాండ్‌ల అబింగ్డన్ అనే ఊరికాడ గుట్ట మీద ఇటుకలతోటి మూడంతస్తులు లేపిండ్రు. 108 అడుగుల పొడుగు, 40 అడుగుల ఎడల్పు. 1787 డిసెంబర్ల తెరిసిండ్రు. ఆ పండుగల ఆస్బరీ ఎత్తుకున్న వాక్యం ఏందో ఎరికేనా? బైబిల్ల ఎలీషా ప్రవక్త కాలంల వంటకుండల ఇసం కలిసిన ముచ్చట. శుభకార్యంల గిదేం మాటరా అని తర్వాత మస్తుమంది యాది జేసుకున్నరు.

కాలేజీ కాయిదాలు ఇంటె మీకు నవ్వొస్తది. ఎండాకాలమైనా సలికాలమైనా ఐదింటికే లెవ్వాలె. ఆరింటికి ప్రార్థన. లోకులు ఆట అనేది ఒక్కటి గూడ ఆడొద్దు! పొద్దు పోవాల్నంటె తోటపని జెయ్యి, నడువు, గుర్రమెక్కు, లేకుంటె వడ్లపని నేర్సుకో. తానానికి నీళ్లల్ల ఒక్కొక్కడే దిగాలె, నిమిషం దాటితె బయటికి రావాలె, పంతులు దగ్గరుండి సూస్తడు. ఏట్ల దిగుడు మాత్రం పూరాగ బంద్. మా బోర్డింగుల గూడ ఐదింటికే గంట కొట్టేటోళ్లు. గని పొద్దుమీకితె చిర్రగోనె ఆడనిచ్చేటోళ్లు. మేం నయం.

1794ల సర్కారు కాలేజీకి చట్టబద్ధంగ గుర్తింపు ఇచ్చింది. మరుసటేడు డిసెంబర్ల రాత్రికి రాత్రే కాలి బూడిదైంది. దూరంగ చార్ల్స్‌టన్‌ల ఉన్న ఆస్బరీకి కబురందింది. పదేండ్ల తిప్పల, 10,000 పౌండ్ల కాడికి ఖర్చు, అంత పొగల కలిసింది. ఏడాదికి పదివేలిచ్చినా మల్ల ఈ పని జెయ్య, కాలేజీలు కట్టుమని దేవుడు మమ్ముల పిలువలె అని రోజుపుస్తకంల రాసుకున్నడు.

అయినా దోస్తులు ఊకోలె. బాల్టిమోర్ల ఇంకో బంగ్ల కొని మల్ల మొదలువెట్టిండ్రు. 1796 డిసెంబర్ల అది గూడ కాలింది. దాంతోటి పక్కనున్న గుడి గూడ.

మరి ఆడ సదివిన పోరగాండ్లేమైండ్రు? సామ్యూల్ వైట్ అనేటాయన డెలవేర్ తరఫున సెనేటరైండు. వాలెంటైన్ కుక్ బోధకుడయిండు. ఆయన కెంటకీకి పోయి ఆడ బెథెల్ అకాడమీ అనే బడిని నడిపిండు. సూడుండ్రి, కాలేజీలొద్దని ఆస్బరీ అన్నది ఆయన కాలేజీల సదివినోడే ఇనలె.

మరి కోక్ ఏమైండంటరా? 66 ఏండ్ల వయసుల సొంత పైసలు పెట్టుకోని మిషనరీలను ఎంటేసుకోని ఇటు దిక్కు ఓడెక్కిండు. 1814 మే నెలల సముద్రం మీదనే పానం పోయింది. మన హిందూ మహాసముద్రంలనే ఆయనను ఇడిసిండ్రు. ఎంట వచ్చినోళ్లు సిలోనుకు చేరిండ్రు. తర్వాత మద్రాసు, ఆ తర్వాత సికింద్రాబాద్, ఆ తొవ్వనే మన మెదక్. ఇప్పుడు సీఎస్ఐ అంటున్నం గని మనది మొదలు వెస్లియన్ మిషనే. 1924 క్రిస్మస్ నాడు తెరిసిన గీ గుడి గూడ ఆ మిషనోళ్లు కట్టిందే.

మా తాత ఏలిముద్ర ఏసేటోడు. మా నాయిన మిషను బడిల కూసోని సంతకం నేర్సిండు. నేను పంతులునైన. ఆస్బరీ మాట అందరు ఇనుంటె నా ఏలికి గూడ సిరానే అంటుకుంటుండె.

అగో, గంట కొట్టిండ్రు. లెవ్వుండ్రి... ఓరి, నిప్పార్పకుంటనే ఉరుకుతరేందిరా? ఇంతసేపు నేను జెప్పింది ఏంది? సెంబుల నీళ్లు తే ముందు.