ప్రాణవాయువు అందని గుండె కణం: శక్తి మార్పులు, వాటి గడువు

గుండెపోటు వచ్చిన మనిషిని కర్లపాలెం నుంచి బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్తున్నంతసేపూ, రక్తం అందని అతని గుండె కణాలు ఉన్న ఇంధనంతోనే నెట్టుకురావాలి. ఎలా, ఎంతసేపు అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

నేపథ్యం

కణాల శక్తిపై అధ్యయనానికి పునాది వేసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పరీక్షలో కండర సారానికి వచ్చిన నీలిరంగు నిలకడగా ఉండక ముదురుతూ పోయింది. ఆమ్లంలో మెల్లగా విడిపోయే భాస్వర పదార్థం ఉందనడానికి అదే ఆనవాలు. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో, కణం పనులకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అణువును గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఆధారాలు

ఆరోగ్యంగా ఉన్న గుండె తన ఏటీపీలో దాదాపు 95 శాతాన్ని మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తోనే తయారు చేసుకుంటుంది. అందులో ఎక్కువ వాటా కొవ్వు ఆమ్లాలది. రక్తం ఆగగానే, ఏటీపీని తిరిగి నింపే నిల్వ అయిన ఫాస్ఫోక్రియాటిన్ ముందు ఖర్చవుతుంది. తరువాత కణం గ్లైకోజన్‌ను, గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండానే విడగొడుతుంది. పూర్తిగా వినియోగమైతే 30 వరకు ఏటీపీ ఇచ్చే గ్లూకోజ్ అణువు ఈ దారిలో ఇచ్చేది 2 మాత్రమే. లాక్టేట్, ఆమ్లత్వం పేరుకునేకొద్దీ ఆ దారీ మూసుకుపోతుంది.

కుక్కల గుండెలపై రైమర్, జెన్నింగ్స్ బృందం చేసిన ప్రయోగాల్లో సుమారు 20 నిమిషాలకు కోలుకోలేని నష్టం మొదలైంది. గుండె గోడ లోపలి పొర నుంచి బయటికి గంటల తరబడి పాకింది.

చర్చ

ఆక్సిజన్ తగ్గినా రక్తం పారుతుంటే లాక్టేట్ కొట్టుకుపోతుంది. రక్తనాళం పూడితే పోదు. అందుకే ప్రయోగశాలలో తక్కువ ఆక్సిజన్‌లో పెంచిన కణాల ఫలితాలను గుండెపోటుకు నేరుగా ఆపాదించకూడదు. కుక్కల్లో తేలిన నిమిషాలనూ మనిషికి అలాగే వర్తింపజేయలేం. పక్కనాళాల నుంచి చేరే రక్తాన్ని బట్టి గడువు మారుతుంది. ఇంధన మార్పును మందుతో పెంచే ప్రయత్నానికీ పరిమితి కనిపించింది: గుండె కొవ్వు వాడకాన్ని తగ్గించి గ్లూకోజ్ వైపు మళ్లించే ట్రైమెటజిడిన్ అనే మందు, స్టెంట్ వేయించుకున్న సుమారు 6,000 మందిపై జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, మరణాలు, ఆసుపత్రి చేరికల వంటి ఫలితాలను మెరుగుపరచలేదు.

ముగింపు

ఇంధనం మార్చుకోవడం కణానికి కొంత గడువు ఇస్తుంది. ప్రాణం నిలిపేది మాత్రం మళ్లీ పారే రక్తమే. గుండెపోటును గ్యాస్ నొప్పి అనుకొని ఇంట్లో గడిపే ప్రతి నిమిషమూ ఆ గడువులోంచే పోతుంది.