అసలువాళ్లు లేని చోట: ట్రిబ్యూట్ బ్యాండ్ పుట్టుపూర్వోత్తరాలు

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్కులో బీటిల్స్ చివరి టిక్కెట్టు కచేరీ జరిగింది. అభిమానుల కేకల్లో తమ వాద్యాలు తమకే వినిపించక, విసిగిపోయి స్టూడియోకు వెళ్లిపోయారు. మరుసటి ఏడు వచ్చిన సార్జంట్ పెప్పర్ పాటల్ని ఆ నలుగురూ కలిసి ఏ వేదిక మీదా వాయించలేదు. ఊరూరా తెలిసిన పాట, ఎదురుగా కూర్చుని విన్నవాడు మాత్రం ఎక్కడా లేడు. ట్రిబ్యూట్ బ్యాండ్‌కు విత్తనం ఆ వెలితిలోనే పడిందని నా నమ్మకం.

పలువురి పాటలూ కలిపి పాడేది కవర్ బ్యాండ్. ఒక్కరినే నమ్ముకుని, వాళ్ల పాటల్ని వాళ్ల పద్ధతిలో, కొన్నిసార్లు వాళ్ల వేషంతో సహా వినిపించేది ట్రిబ్యూట్ బ్యాండ్. 1977లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ‘బీటిల్‌మేనియా’ అనే ప్రదర్శన మొదలైంది. దాని లండన్ ప్రదర్శనలో వేషం కట్టినవాళ్లే 1980లో బూట్‌లెగ్ బీటిల్స్‌గా బయల్దేరారు. ఆ తర్వాతి పంట ఆస్ట్రేలియాలో పండింది. అంత దూరానికి పెద్ద బృందాలు రావడమే అప్పట్లో అరుదు. 1988 ఒక్క ఏడాదిలోనే అడిలైడ్‌లో ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో, మెల్‌బోర్న్‌లో అబ్బా బృందం పాటల కోసం బ్యోర్న్ అగైన్ పుట్టాయి. అబ్బా పాడటం మానేసి అప్పటికి ఆరేళ్లు. 1992లో నిర్వాణా అనే రాక్ బృందం కోరిక మీద బ్యోర్న్ అగైన్ ఇంగ్లండు రీడింగ్ ఉత్సవంలో పాడింది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ అయితే 1996లో తన యాభయ్యో పుట్టినరోజుకు ఆ ఆస్ట్రేలియా కుర్రాళ్లనే పిలిపించుకున్నాడు. తన పాట తనే ఎదురుగా నిలబడి వినే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది!

మనకిది కొత్తేమీ కాదు. ఫిబ్రవరి 11 వస్తే ఘంటసాల పాటలతో ఆరాధన సభలు జరుగుతాయి. ఆ రోజు గాయకుడు సొంత సంగతి ఒక్కటి వేసినా ముందు వరస మొహాలు చిట్లిస్తుంది. రికార్డులో ఉన్నట్టే రావాలి.

నాకు ప్రాణమైన బృందం మాత్రం రికార్డును అనుసరించదు. ఒక రాత్రిని అనుసరిస్తుంది. దాని పేరు డార్క్ స్టార్ ఆర్కెస్ట్రా. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే కాలిఫోర్నియా బృందం ముప్ఫై ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. పాటల వరస ఏ రోజుకారోజు వేరు; ఒకే పాట ఒకనాడు ఆరు నిమిషాలు, మరొకనాడు అరగంట. శ్రోతలు టేపు రికార్డర్లు తెచ్చుకుంటే కాదనలేదు సరికదా, 1984 నుంచి హాల్లో వాళ్లకంటూ చోటు కేటాయించింది. చేతులు మారిన ఆ టేపుల వల్లే ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో అభిమానులకు కంఠతా వచ్చింది. 1995 ఆగస్టు 9న ఆ బృందపు గిటారిస్టు జెర్రీ గార్షియా పోయాడు. బృందం ఆ పేరుతో మళ్లీ కచేరీ చేయలేదు.

రెండేళ్లకు, 1997 నవంబరులో, షికాగోలోని మార్టిర్స్ అనే చిన్న క్లబ్బులో డార్క్ స్టార్ తొలి కచేరీ చేసింది. పాత కచేరీ ఒకటి ఎంచుకుని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా అదే వరసలో వాయించడం వాళ్ల పద్ధతి. అది ఏ నాటిదో ముందు చెప్పరు. వేదిక అమరిక కూడా ఆ కాలానిదే. గ్రేట్‌ఫుల్ డెడ్‌లో రెండో డ్రమ్మర్ 1971 మొదట్లో వెళ్లి 1974 చివర్లో తిరిగొచ్చాడు; గాయని డోనా 1972లో చేరింది. కాబట్టి ఒకే డ్రమ్ముల సెట్టు, పక్కన గాయని కనిపిస్తే 1972–74 మధ్య రాత్రి అన్నమాట. ఇది వేషం కాదు, పాండిత్యం. డార్క్ స్టార్ తొలినాళ్ల గిటారిస్టు జాన్ కాడ్‌లెసిక్‌ను 2009లో అసలు బృందం సభ్యులు ఫిల్ లెష్, బాబ్ వియర్ తమ కొత్త బృందం ఫర్దర్‌లోకే తీసుకున్నారు.

నేను డార్క్ స్టార్‌ను చూసింది మూడొందల మంది పడితే గొప్ప అనిపించే హాల్లో. బాస్ గిటారు మోత కాళ్ల కింద చెక్కలోంచి పైకొస్తోంది. గిటారిస్టు తల ఊపి కీబోర్డు మనిషికి వంతు అప్పగించడం కూడా కనిపించేంత దగ్గర. స్టేడియంలో నేను చూసిన పెద్ద బృందాలన్నీ తెర మీది బొమ్మలే. పక్కన తెల్లగడ్డం పెద్దాయన, లైట్లు వెలగ్గానే వేదిక వైపు చూసి, “ఒకటే డ్రమ్ము, డెబ్భై మూడు” అన్నాడు. మూడో పాటకు కాస్త తటపటాయించాడు. రెండో భాగం మొదలయ్యాక కళ్లు మూసుకుని, రాబోయే పాట పేరు ఒక్కొక్కటే ముందుగా గొణగడం మొదలుపెట్టాడు. ఒక్కటీ తప్పలేదు.

అన్నీ అయ్యాక గిటారిస్టు మైకు దగ్గరికొచ్చి తేదీ, ఊరు చెప్పాడు. 1973. హాలంతా ఒక్కసారి అరిచింది. పెద్దాయన అరవలేదు. “మా ఊరే,” అన్నాడు, “ఆ రాత్రి మా నాన్న వెళ్లనివ్వలేదు.”