నెలవారీ రిపోర్టు వెనుక పసిపిల్లలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కబురు చేశారు. కరువుభత్యం గురించి, పెన్షన్ సవరణల గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఒక్కటే: రిపోర్టులు కట్టడం. 1973లో ఉద్యోగంలో చేరి 2008లో రిటైరయ్యేలోగా నా సర్వీసు దాదాపు సగం శిశు సంక్షేమ ప్రాజెక్టు ఆఫీసుల్లోనే గడిచింది. పసిపిల్లల బరువు ఒక అంకెగా మారి ఢిల్లీ దాకా ఎలా వెళ్ళేదో దగ్గర నుండి చూశాను. ఆ చరిత్రతో పాటు, చాలాకాలంగా నా మనసులో ఉన్న ఒక సంగతి కూడా ఇక్కడ విన్నవించుకుంటాను.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో పిల్లల సంక్షేమం చాలావరకు స్వచ్ఛంద సంస్థల మీదే ఆధారపడి ఉండేది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. బోర్డు ద్వారా సంస్థలకు గ్రాంటులు అందేవి. గ్రాంటు ఇచ్చిన చోట ముందుగా అడిగేది ఖర్చు లెక్క అని మనకందరికీ తెలిసిందే. పిల్లవాడి ఎదుగుదలను నెలనెలా కొలిచి, దాన్నిబట్టి ప్రణాళిక వేయడం తర్వాత వచ్చిన ఆలోచన.

1974 ఆగస్టు 22న కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలల విధానాన్ని తీర్మానించింది. మరుసటి సంవత్సరం గాంధీ జయంతి నాడు, అంటే 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. మనం వాడుకలో ఐ.సి.డి.ఎస్. అంటాము. దేశం మొత్తానికి మొదట 33 ప్రాజెక్టులే. అప్పటి మన రాష్ట్రంలో గిరిజన ప్రాంతమైన ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులోను, కరువు ప్రాంతమైన అనంతపురం జిల్లా కంబదూరులోను ఆరంభించారు.

పథకంలో ఆరు సేవలు: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, బడి ఈడుకు ముందు చదువు. సుమారు వెయ్యిమంది జనాభాకు, గిరిజన ప్రాంతంలో ఏడు వందలమందికి, అప్పట్లో ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉండేది. ఏడాదికి 300 రోజులు ఆహారం పెట్టాలి. ఇదంతా నడిపే కార్యకర్తకు మొదట్లో ఇచ్చిన గౌరవవేతనం నెలకు 100 రూపాయలు, మెట్రిక్ పాసైతే 150.

ఇక రిపోర్టు సంగతి. అంగన్‌వాడీ టీచరమ్మ పిల్లవాణ్ణి త్రాసుకు వేలాడదీసి బరువు చూసి, ఎదుగుదల పటం మీద చుక్క పెడుతుంది. ఆ రోజుల్లో వయసుకు ఉండవలసిన బరువుతో పోల్చి పిల్లలను నాలుగు గ్రేడులుగా విడదీసేవారు. మూడు, నాలుగు గ్రేడులంటే పరిస్థితి తీవ్రం, వారికి రెట్టింపు ఆహారం ఇవ్వాలి. నెలాఖరుకు ఈ చుక్కలన్నీ అంకెలై ప్రొఫార్మాలోకి ఎక్కుతాయి. అక్కడి నుండి సూపర్‌వైజరుకు, ఆమె నుండి సి.డి.పి.ఓ. ఆఫీసుకు వస్తాయి. మేము వాటిని కూడి, కార్బన్ పెట్టి టైపు చేసి జిల్లాకు, రాష్ట్రానికి పంపితే, అక్కడ మళ్ళీ కూడి ఢిల్లీకి పంపేవారు. పిండి, నూనె ఇండెంటు కూడా ఈ అంకెలను బట్టే తయారయ్యేది. కాబట్టి ఇక్కడ రిపోర్టు అంటే ఫైలులో పడి ఉండే కాగితం కాదు. వచ్చే నెల ఏ పిల్లవాడికి ఎంత ఆహారం అందుతుందో నిర్ణయించేది అదే.

ఇప్పుడు నా సంగతి. 1980ల చివర్లో రాయలసీమలోని ఒక ప్రాజెక్టు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. కరువు రోజులు. ఒక కేంద్రం నుండి వచ్చిన రిపోర్టులో మూడు, నాలుగు గ్రేడుల పిల్లలు ఏడుగురని ఉంది. అంతకుముందు నెల ఇద్దరే. పై ఆఫీసు సమీక్షా సమావేశం దగ్గర పడింది. అంకె ఎందుకు పెరిగిందో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని కార్యకర్తకు మెమో వెళ్ళింది. ఆ మెమో డ్రాఫ్టు నాదే. సంజాయిషీ రాలేదు గాని, మరుసటి నెల రిపోర్టులో మళ్ళీ ఇద్దరే అని వచ్చింది. మేము సంతోషించి, కాలమ్ కూడి, రిపోర్టు పంపేశాము.

కొన్నాళ్ళకు స్టాకు తనిఖీకి ఆ ఊరు వెళ్ళాను. స్టాకు సరిపోయింది. గోడకున్న పటాలు చూస్తుంటే, రిజిస్టరులోని సిరా అంకెలకూ పటం మీది పెన్సిలు చుక్కలకూ పొంతన లేదు. "ఇదేమిటమ్మా?" అని అడిగాను. ఆమె భయపడలేదు. "పైకి పంపేదానికి తగ్గించి రాసినాను సార్, మెమో వచ్చె గదా. పటంలో మాత్రం నిజం బరువే పెట్టినాను. పిల్లోళ్ళ దగ్గర అబద్ధం రాయలేను" అంది. ఆ అయిదుగురు పిల్లలకూ ఆ నెలల్లో రెట్టింపు ఆహారం ఇండెంటులో పడలేదని నాకు అప్పుడు తట్టింది. తిరిగి వచ్చి ఆ అయిదుగురి పేర్లూ ఇండెంటులో చేర్పించాను. కాని జరిగిన నెలలు వెనక్కి రావు. మెమో మీద సంతకం పై అధికారిది కావచ్చు, అందులోని మాటలు నావి.

ఇది ఒక్క ఊరి కథ కాదని తర్వాత తెలిసింది. 2005-06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 42.5 శాతం తక్కువ బరువున్నవారు, 15.8 శాతం మరీ తక్కువ బరువున్నవారు. నెలవారీ రిపోర్టుల్లో తీవ్ర పోషణలోపం ఆ స్థాయిలో కనబడేది కాదు. కొలబద్దలు వేరు కావడం కొంత కారణం, అంకె పెరిగితే మెమో వస్తుందన్న భయం మరికొంత. అందుకే లెక్క పంపేవాడితో సంబంధం లేకుండా వేరొకరు కూడా కొలవాలంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడింది. 2013లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఇంకో సంగతి చెప్పింది. తనిఖీ చేసిన కేంద్రాల్లో దాదాపు నాలుగో వంతులో పసిపిల్లలను తూచే త్రాసు పనిచేసే స్థితిలో లేదట. త్రాసు లేనిచోట బరువు ఎక్కడి నుండి వచ్చిందో పాఠకులే ఊహించుకోవచ్చు.

మార్పు కోర్టు ద్వారా కూడా వచ్చింది. 2001లో దాఖలైన ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వుల అమలును పరిశీలించడానికి 2002లో కమిషనర్లను నియమించింది. ఇద్దరిలో ఒకరు మన ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన ఎస్.ఆర్. శంకరన్ గారు. మనలో ఆయన పేరు వినని వారుండరు. ప్రభుత్వాలు పంపే రిపోర్టును కోర్టు తరఫున మరొకరు సరిచూడడం అలా మొదలైంది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని పల్లె లేదా మురికివాడ ప్రజలు కోరితే, మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని 2006 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రతా చట్టంతో అంగన్‌వాడీ భోజనం పిల్లల చట్టబద్ధ హక్కయింది.

పద్ధతులూ మారాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్దలు స్వీకరించి, బాలికలకు, బాలురకు వేరువేరు పటాలు పెట్టారు. 2012లో కేంద్రాల రికార్డులను 11 రిజిస్టర్లుగా క్రమబద్ధం చేశారు. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చి, అంకె టీచరమ్మ సెల్‌ఫోను నుండే నేరుగా పైకి చేరుతోంది. మనలాంటి గుమాస్తాల కూడికలు తప్పాయి, మంచిదే. కాని అంకె ఎంత వేగంగా పోయినా, పెరిగిన అంకె చూసి పైవారు సహాయం పంపుతారా, సంజాయిషీ అడుగుతారా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఇన్నేళ్ళు ఈ లెక్కలు మోసిన కార్యకర్తలు, ఆయాలు మనలా పెన్షనుకు నోచుకోలేదు. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినపుడు, నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఊరి టీచరమ్మే.

చివరగా ఒక మనవి. మనకు ఇప్పుడు తీరిక ఉంది, రిజిస్టరు చదవడం చేతనవును. నెలకొకసారి మన వీధి అంగన్‌వాడీకి వెళదాం. తనిఖీకి వచ్చినట్టు కాకుండా తాతలుగా వెళదాం. త్రాసు పనిచేస్తున్నదా, ఎవరి బరువైనా తగ్గుతున్నదా అని మెల్లగా అడుగుదాం. తక్కువ అంకె కనబడితే టీచరమ్మను తప్పుపట్టకుండా, ఆమె పక్షాన ఒక అర్జీ వ్రాసిపెడదాం. డ్రాఫ్టు వ్రాయడం మనకు కొత్త కాదు గదా. ఆనాటి మెమోకు బదులుగా నేను ఇప్పటికి నాలుగు అర్జీలు వ్రాశాను. ఓపిక ఉన్నంతకాలం వ్రాస్తూనే ఉంటాను.