కంటైనర్ల నడుమ బాట: సాఫ్టువేరు పెట్టెల ఉమ్మడి నెట్‌వర్కు చరిత్ర

ఉపక్రమణము

యంత్రవిద్యల చరిత్రమును వ్రాయువారు క్రొత్త వస్తువు పుట్టిన దినమును ఘనముగా వర్ణించి, అట్టి వస్తువులు ఒకదానితో నొకటి కలిసి పనిచేయుట నేర్చిన కథను రెండు వాక్యములలో ముగించుట పరిపాటి. సాఫ్టువేరు కంటైనర్ల విషయమునను ఇట్లే జరిగినది. 2013వ సంవత్సరమున డాకరు అను సాధనము వెలువడినదనియు, దానితో కంటైనర్ల యుగము ఆరంభమైనదనియు పలువురు చెప్పుదురు. ఆ మాట అసత్యము కాదు, కాని అసంపూర్ణము. ఒంటిగా నున్న కంటైనరు చేయగల పని మిక్కిలి స్వల్పము. కంటైనర్లు ఒక ఉమ్మడి నెట్‌వర్కుపై నిలిచి, ఒకదాని నొకటి పేరుతో పిలువగలిగిన నాడే అవి లోకమునకు పూర్తిగా ఉపయోగపడినవి. గోడలు కట్టుట కంటె ఆ గోడల నడుమ క్రమమైన బాట వేయుటయే ఈ చరిత్రమునకు ఆయువుపట్టు అని ఈ వ్యాసమున చూపదలచితిని.

ఈ విషయము మన సంపుటమున చేరుటకు కారణము కలదు. బెంగుళూరు, హోసూరు, చెన్నపట్టణము, పూనా, భువనేశ్వరము మొదలగు పట్టణములలో మన తెలుగు కుటుంబముల బిడ్డలు పలువురు ఈ వృత్తితోనే జీవించుచున్నారు. వారు దినమెల్ల ఏ పని చేయుదురో ఇంటి పెద్దలకు తెలుగున చెప్పబోవునప్పుడు మాటలు తడబడుచున్నవి. ఆ కొఱతను కొంతయైనను తీర్చుట ఈ వ్యాసమునకు రెండవ ప్రయోజనము.

కంటైనరు స్వరూపము

ఒక ప్రోగ్రాము నడుచుటకు దానికి తోడుగా మఱికొన్ని ప్రోగ్రాములు, ఫైళ్లు, అమరికలు కావలెను. ఒకే కంప్యూటరుపై రెండు ప్రోగ్రాములున్నప్పుడు ఒకదానికి తోడు ప్రోగ్రాము యొక్క పాత సంచిక, రెండవదానికి క్రొత్త సంచిక కావలసివచ్చినచో తగవు పుట్టును. ఈ తగవును మాన్పుటకై ఒక్కొక్క ప్రోగ్రామును దాని సరంజామాతో గూడ ఒక్కొక్క గదిలో నుంచి, ప్రక్క గది కనబడకుండ చేయుదురు. ఆ గదియే కంటైనరు. కంప్యూటరునకు మూలమైన కెర్నెలు మాత్రము అన్నిటికిని ఒక్కటే. ఒకే పునాదిపై లేచిన వేఱు వేఱు గదులవంటి వివి.

పేరు ఓడరేవులనుండి వచ్చినది. 1956 ఏప్రిలు 26వ తేదీన అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అను రవాణా వ్యాపారి 58 లోహపు పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెవార్కునుండి హ్యూస్టనునకు పంపెను. చెన్నపట్టణపు రేవునను, విశాఖపట్టణపు రేవునను నేడు మనము చూచు పెట్టెలు ఆ పద్ధతినుండి పెరిగినవే. లోపలి సరకు ఏదైనను పెట్టె కొలత ఒక్కటియే యగుటవలన క్రేను, లారీ, ఓడ అన్నియు దానికి తగినట్లు అమరును. సాఫ్టువేరువారు గ్రహించిన పోలిక ఇదియే.

కాని ఈ పోలిక ఇంతవరకే చెల్లును. ఓడపై నున్న పెట్టెకు ప్రక్క పెట్టెతో మాటలాడు పని లేదు. సాఫ్టువేరు పెట్టెకు ఆ పని తప్పదు. బడి ప్రవేశమునకు దరఖాస్తులు స్వీకరించు వెబ్‌సైటు నొకదానిని తలచుకొందము. పుటను చూపు ప్రోగ్రాము ఒక కంటైనరున, దరఖాస్తును పరీక్షించు ప్రోగ్రాము రెండవదానియందు, వివరములను భద్రపఱచు డేటాబేసు మూడవదానియందు ఉండును. ఈ మూటికి నడుమ సంభాషణ తెగినచో, మూడును చక్కగా నడుచుచున్నను, బిడ్డను చేర్పింపవచ్చిన తండ్రికి మిగులునది పనిచేయని పుటయే.

గోడల యుగము

తొలి ముప్పది సంవత్సరముల ప్రయత్నము గోడలపైననే సాగినది. 1979లో బెల్ ప్రయోగశాల వెలువరించిన ఏడవ యూనిక్సు సంచికకు సంబంధించిన కృషిలో చ్‌రూట్ అను ఏర్పాటు పుట్టెను. ఒక ఫోల్డరును చూపి, ప్రపంచమంతయు ఇంతియే యని ప్రోగ్రామును నమ్మించుట దాని పని. ఫైళ్లు వేఱైనవి, నెట్‌వర్కు వేఱు కాలేదు.

2000 మార్చిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ నాలుగవ సంచికలో పౌల్ హెన్నింగ్ క్యాంప్ నిర్మించిన జైలు అను ఏర్పాటు చేరెను. ఒక్కొక్క జైలునకు ఒక్కొక్క ఐపీ చిరునామా నిచ్చిరి. అయినను ఆ చిరునామాలన్నియు మూలయంత్రపు ఒకే నెట్‌వర్కు యంత్రాంగముపై ఆధారపడియుండెను. గదులు వేఱు, వీధి తలుపు ఉమ్మడి. ఆ యంత్రాంగమునే గదికొక ప్రతిగా నీయవచ్చునని క్రొయేషియా దేశమునందలి జాగ్రెబ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్కో జెక్ 2003లో తన పరిశోధన వ్యాసమున చూపెను. ఈ మార్గమున ఆలోచించిన తొలివారిలో ఆయనను తప్పక స్మరింపవలెను.

రెండు కొనల తీగ

లినక్సునందు ఈ మార్పు 2008 జనవరిలో వచ్చిన 2.6.24 సంచికతో మొదలై, మఱుసటి సంవత్సరమునకు చాలవఱకు పూర్తియైనది. దీనికి నెట్‌వర్కు నేమ్‌స్పేసు అని పేరు. దీనివలన ఒక్కొక్క గదికి తనవే యగు చిరునామాలు, తనదే యగు మార్గముల పట్టిక, తనవే యగు కాపలా నియమములు, తనవే యగు పోర్టులు కలిగినవి. పోర్టనగా ఒక చిరునామాకు గల సంఖ్యవేసిన ద్వారము. పది కంటైనర్లును తమ తమ 80వ ద్వారమును తెఱచుకొనవచ్చును, తగవు రాదు.

ఇచట ఒక విచిత్రము కలదు. క్రొత్తగా పుట్టిన నేమ్‌స్పేసులో తనతో తాను మాటలాడుకొను ద్వారము తప్ప మఱేదియు నుండదు. గోడ సంపూర్ణమైన కొలది గది మూగదైనది. దీనికి విరుగుడు వీఈత్ అను జంట. అది రెండు కొనలు గల తీగవంటిది. ఒక కొనలో ప్రవేశించినది రెండవ కొనలో బయటపడును. ఒక కొనను కంటైనరు లోపల నుంచి, రెండవ కొనను వెలుపల బ్రిడ్జి అను కూడలికి తగిలింతురు. ఆ కూడలికి ఎన్ని కొనలు తగిలించిన అన్ని కంటైనర్లు ఇరుగుపొరుగు లగును. ఈ తీగయందు రాగి లేదు. ఈ కూడలికి రూపము లేదు. అన్నియు కంప్యూటరు స్మృతిలోని లెక్కలే. అందుచేతనే దీనిని వర్చువల్ నెట్‌వర్కు అనుచున్నారు. నేటి యేర్పాటులలో పెక్కింటికి ఈ తీగయు, ఈ కూడలియు పునాదులు.

డాకరు, దాని కూడలి

2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంతాక్లారా నగరమున జరిగిన పైథాను భాషావేత్తల సభలో సాలమన్ హైక్స్ కొద్ది నిమిషముల ప్రసంగముతో డాకరును లోకమునకు పరిచయము చేసెను. కెర్నెలు లోతులు తెలియనివారును ఒక్క ఆజ్ఞతో కంటైనరును నడుపగలుగుట దాని ఘనత. డాకరు తనంతట తానే డాకర్‌జీరో అను కూడలిని నిర్మించి, వాడుకగా 172.17 తో మొదలగు చిరునామాలను కంటైనర్లకు పంచును. ఆ శ్రేణిలో 65,534 చిరునామాల కవకాశము కలదు.

కొఱత వేఱొక చోట కనబడెను. కంటైనరు అల్పాయువు. దానిని చంపి మరల పుట్టించుట ఆ వృత్తిలో నిత్యకృత్యము. మరల పుట్టినప్పుడు పాత చిరునామా దొరకునను నమ్మకము లేదు. డేటాబేసు నిన్న ఒక చిరునామాలో, నేడు మఱియొక చిరునామాలో నున్నచో తక్కిన ప్రోగ్రాములు దానిని వెదకు టెట్లు? అదే సంవత్సరమున లింకు అను ఉపాయమును చేర్చిరి. క్రొత్త కంటైనరు పుట్టునప్పుడే పాతదాని చిరునామాను దాని చెవిలో చెప్పుట ఈ ఉపాయము. కాని ఇది ఏకముఖము. మొదటిది రెండవదాని నెఱుగును. రెండవది మొదటిదాని నెఱుగదు. పైగా రెండును ఒకే యంత్రముపై నుండవలెను. దశాబ్దముల క్రిందట ఉత్తరమున వచ్చిన చిరునామాను పట్టుకొని బంధువును వెదకబోవుటవంటి దిది.

పేరుతో పిలుచుట

2015 మార్చిలో డాకరు సంస్థ సాకెట్‌ప్లేన్ అను చిన్న సంస్థను తనలో చేర్చుకొనెను. మధు వేణుగోపాల్, బ్రెంట్ సాలిస్‌బరీ, డేవ్ టక్కర్ మొదలగువారు దాని స్థాపకులు. వీరి చేరికతో నెట్‌వర్కు భాగము క్రొత్తగా రూపొందెను. ఆ యేడు నవంబరులో వచ్చిన 1.9 సంచికలో నెట్‌వర్కు అనునది కంటైనరునకు అనుబంధము కాక, స్వతంత్ర వస్తువైనది. ముందు నెట్‌వర్కును పేరు పెట్టి నిర్మింపవచ్చును. నడుచుచున్న కంటైనరును సైతము అందులో చేర్పవచ్చును, తీసివేయవచ్చును. ఒకే కంటైనరును రెండు నెట్‌వర్కులలో నుంచవచ్చును.

2016 ఫిబ్రవరిలో వచ్చిన 1.10 సంచికతో పేర్ల చిట్టా నడుపు సేవ డాకరులోననే చేరెను. కంటైనరు లోపలనుండి చూచువారికి అది 127.0.0.11 అను చిరునామాలో కనబడును. డేటాబేసు అను పేరుగల కంటైనరు ఎక్కడనున్నదని అడిగినచో, ఆ క్షణమున దానికి గల చిరునామాను ఈ సేవ చెప్పును. కంటైనరు నూఱు మార్లు పుట్టిననేమి, పేరు నిలిచినంతవఱకు పిలుపు అందును. అదే నెలలో కంపోజు అను తోడు సాధనమును, ఒక పనికి సంబంధించిన కంటైనర్లన్నిటికి ఒక ఉమ్మడి నెట్‌వర్కును తానే నిర్మించి యిచ్చుట ఆరంభించెను.

ఒక విశేషము ఇచట గుర్తింపదగినది. ఈ పేర్ల సౌకర్యము మనము నిర్మించుకొన్న నెట్‌వర్కులకే కలదు. డాకరు తనంతట నిచ్చు పాత కూడలిపై చిరునామాతో పిలిచిన పలుకునే గాని పేరుతో పిలిచిన పలుకదు. ఈ వృత్తిలో క్రొత్తగా చేరినవారు నేటికిని తడబడు స్థల మిది.

యంత్రములు దాటిన బాట

ఇంతవఱకు చెప్పినది ఒకే యంత్రము లోపలి కథ. పెద్ద సంస్థలలో కంటైనర్లు వందల యంత్రములపై వ్యాపించియుండును. వేఱు యంత్రములపై నున్నవానిని ఒకే వీధివారిగా చేయుటకు అక్కఱకు వచ్చినది వీఎక్స్‌ల్యాన్ అను పద్ధతి. మల్లిక్ మహాలింగం, దినేశ్ దత్ మొదలగువారు వ్రాసిన దీని వివరణము 2014 ఆగస్టులో ఇంటర్నెట్టు ప్రమాణ పత్రముల వరుసలో 7348వ సంఖ్యతో వెలువడెను. అంతకు ముందరి వీల్యాన్ పద్ధతిలో వేఱు నెట్‌వర్కుల సంఖ్య 4,096 దాటుటకు వీలులేదు. దీనిలో 1,67,77,216 వఱకు వీలున్నది.

దీని పనితీరు తపాలా సంచివంటిది. ఒక కంటైనరు వ్రాసిన లేఖను, దానిపై చిరునామాతో సహా, మఱియొక కవరులో పెట్టి, ఆ కవరుపై యంత్రము చిరునామా వ్రాసి పంపుదురు. అవతలి యంత్రము వెలి కవరును విప్పి, లోపలి లేఖను దాని కంటైనరునకు అందించును. వెలి కవరునకు 50 బైట్ల చోటు పట్టును. అందుచే 1,500 బైట్లు మోయు బాటపై లోపలి లేఖకు 1,450 మాత్రమే మిగులును. ఈ లెక్క తప్పినచో చిన్న సందేశములు చేరును, పెద్దవి జాడలేక పోవును. లోపము ఎక్కడనున్నదో తెలియక పనివారు రాత్రులు మేల్కొందురు.

గూగులు సంస్థ 2014 జూనులో ప్రకటించిన కుబర్నెటీసు, గ్రీకు భాషలో ఓడ నడుపువాడని దాని యర్థము, మఱియొక మార్గము త్రొక్కెను. అందు కంటైనర్ల చిన్న గుంపునకు పాడ్ అని పేరు. ప్రతి పాడునకును తన చిరునామా యుండవలెను. ఏ పాడైనను మఱియొక పాడుతో, చిరునామా మార్పు లేకుండ, నేరుగా మాటలాడగలుగవలెను. బాటను ఎవరు వేసినను సరియే, ఈ నియమము నిలిచిన చాలును. బాట వేయువారికిని కుబర్నెటీసునకును నడుమ ఒడంబడికగా, కోర్‌ఓయస్ సంస్థ మొదలిడిన సీఎన్ఐ అను ప్రమాణమును వారు గైకొనిరి. డాకరువారి పద్ధతిని తామేల గ్రహింపలేదో 2016 జనవరిలో బహిరంగముగా వ్రాసి తెలిపిరి.

తలుపులు, తాళములు

ఉమ్మడి బాట యేర్పడగనే రాకపోకల హద్దు ప్రశ్న తలయెత్తెను. డాకరు తొలి కూడలిపై, అడ్డుపెట్టనిచో, ప్రతివాడును ప్రతివానితో మాటలాడవచ్చును. కుబర్నెటీసునందును సహజస్థితి అట్టిదే. రాకపోకలకు హద్దులు వ్రాయు నెట్‌వర్కు పాలసీ 2017లో 1.7 సంచికతో స్థిరపడెను.

మన బడి దరఖాస్తుల ఉదాహరణమునకు మరల వత్తము. పుటను చూపు కంటైనరును వెలి నెట్‌వర్కున, డేటాబేసును లోపలి నెట్‌వర్కున నుంచి, దరఖాస్తును పరీక్షించుదానిని మాత్రము రెంటియందును చేర్చుట మంచి పద్ధతి. అపుడు వెలుపలివారు డేటాబేసు గడప త్రొక్కజాలరు. తొందరలో డేటాబేసు ద్వారమును యంత్రపు ద్వారముతో కలిపినచో, వేఱుగా చెప్పనియెడల, అది యంత్రమునకు గల అన్ని చిరునామాలపై తెఱచుకొనును. డాకరు వ్రాసుకొను నియమములు వేఱు వరుసలో నుండుటచే, యంత్రపు కాపలా సాధనము మూసితినని చెప్పినను ద్వారము తెఱచియే యుండవచ్చును. బిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, తలిదండ్రుల వివరములు అందుండునని తలచినచో ఈ జాగ్రత్త విలువ బోధపడును.

ఉపసంహారము

1979 మొదలు 2008 వఱకు గోడలు, 2008 మొదలు 2017 వఱకు బాటలు, పేర్లు, తాళములు: ఈ చరిత్రము సంగ్రహముగ ఇది. ఎవరి గది వారికుండుట, నడుమ ఉమ్మడి బాట యుండుట, మాఱు చిరునామాలకు మాఱుగా నిలుకడగల పేరుండుట, ఎవరు ఎవరి గడప త్రొక్కవచ్చునో ముందే నిర్ణయించుట, ఈ నాలుగును కుదిరిన పిదపనే కంటైనర్లు పెద్ద పనులకు పనికివచ్చినవి.

కథ నంతయు చెప్పుటకు గది, గోడ, తీగ, కూడలి, గడప, తాళము అను మన యింటి మాటలును, అందఱెఱిగిన కొన్ని పరభాషా పదములును చాలినవి. తన వృత్తిని తెలుగున చెప్పలేని బిడ్డ, ఇంట తెలుగును వంటకును పండుగకును మాత్రమే మిగుల్చును. అతని సంతతికి అదియు మిగులదు. రాష్ట్రేతర ప్రాంతములలో పలు తరములుగా ఈ భాషను నిలుపుకొన్న మనము ఈ ప్రమాదమును ఇతరులకంటె ముందుగా గుర్తింపవలసినవారము. కావున ఈ వృత్తిలోనున్న మన యువతీయువకులు తాము దినము చేయు పనిని గుఱించి తెలుగున వ్యాసములు వ్రాయవలెననియు, మన సంఘములు వానిని ఇట్టి సంపుటములలో ప్రకటింపవలెననియు సవినయముగా కోరుచున్నాను.