న్యూటన్: బస్తర్ అడవిలో ఆగిపోయిన రొమాంటిక్ కామెడీ

'న్యూటన్' 2017 సెప్టెంబరు 22న విడుదలైన హిందీ వ్యంగ్య చిత్రం. దర్శకుడు అమిత్ మసూర్కర్. మయాంక్ తివారీతో కలిసి ఆయనే రచన చేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని దండకారణ్యంలో, మావోయిస్టుల ప్రభావం ఉన్న చోట ఒక్కరోజు పోలింగే కథ. షూటింగ్ మాత్రం బస్తర్‌కు ఉత్తరాన ఉన్న గనుల పట్టణం దల్లీ రాజ్‌హరా ప్రాంతంలో జరిగింది.

కథ

నూతన్ కుమార్ తన పేరును న్యూటన్‌గా మార్చుకున్న ప్రభుత్వ గుమాస్తా (రాజ్‌కుమార్ రావు). 76 మంది ఓటర్లున్న గ్రామానికి ఎన్నికల డ్యూటీ మీద వెళ్తాడు. పోలింగ్ మొక్కుబడిగా ముగిస్తే చాలని భద్రతా దళాల అధికారి ఆత్మాసింగ్ (పంకజ్ త్రిపాఠి) అనుకుంటాడు. విదేశీ విలేకరి వస్తున్నారని తెలియగానే జవాన్లు ఊరి జనాన్ని పట్టుకొచ్చి వరుసలో నిలబెడతారు. పోటీలో ఎవరున్నారో కూడా వాళ్లకు తెలియదు. ఈవీఎం ఒక బొమ్మ, నచ్చిన బటన్ నొక్కండని ఆత్మాసింగ్ చెబుతాడు.

ప్రేమకథ చట్రం, తిరగేసి

పేరడీ అనగానే తెలుగు ప్రేక్షకులకు 'సుడిగాడు' (2012) గుర్తొస్తుంది. తెలిసిన సన్నివేశాన్ని అతిశయంగా మళ్లీ చూపి నవ్వించడం దాని పద్ధతి. 'న్యూటన్' ఆ అర్థంలో పేరడీ కాదు. కానీ రచయిత రిచర్డ్ కర్టిస్ 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్' (1994), 'నాటింగ్ హిల్' (1999)తో ప్రపంచానికి అలవాటు చేసిన బ్రిటిష్ రొమాంటిక్ కామెడీ పక్కన పెట్టి చూస్తే, దాని మలుపులన్నీ ఇక్కడ తిరగబడి కనిపిస్తాయి.

అక్కడ పెళ్లిళ్లు పరిచయాలకు వేదికలు. ఇక్కడ అమ్మాయికి పెళ్లి వయసు రాలేదని హీరో సంబంధమే వద్దంటాడు. అక్కడి హీరోలాగే ఇతనూ మొహమాటస్తుడు, నిజాయితీపరుడు. అక్కడ ఆ నిజాయితీ అతన్ని ప్రేమించేలా చేస్తుంది, ఇక్కడ అదే దెబ్బలు తినిపిస్తుంది. అక్కడ చివరి నిమిషంలో ప్రియురాలి కోసం పరుగు. ఇక్కడ మధ్యాహ్నం 3 గంటల వరకు పోలింగ్ ఆగకూడదని తుపాకీ గురిపెట్టడం.

నాయిక స్థానంలో ఉన్నది స్థానిక టీచర్, బూత్ స్థాయి అధికారి మల్కో (అంజలి పాటిల్). నువ్వు నిరాశావాదివా అని న్యూటన్ అడిగితే, ఆదివాసీని అంటుంది. ఆ జవాబు నవ్విస్తుంది, వెంటనే ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. నెలల తర్వాత ఆమె అతని ఆఫీసుకు వస్తుంది. మెడకు పట్టీతో ఉన్న న్యూటన్, విరామానికి ఇంకా అయిదు నిమిషాలుందని ఆమెను వేచి ఉండమంటాడు. ప్రేమ ప్రకటన ఉండాల్సిన చోట గడియారం ఉంటుంది.

భాష

అధికారుల భాష హిందీ, ఊరి భాష గోండి. మధ్యలో మల్కో అనువదించాలి. తెలుగు పాఠకులకు ఇందులో మరో విషయం ఉంది: గోండి, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన భాషలు. బస్తర్ డివిజన్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలు తెలంగాణకు పొరుగున ఉన్నాయి. మల్కోగా నటించిన అంజలి పాటిల్ అంతకుముందే తెలుగు చిత్రం 'నా బంగారు తల్లి'లో నటించారు.

గుర్తింపు, పరిమితి

బెర్లిన్ చలనచిత్రోత్సవంలో మొదట ప్రదర్శితమైన ఈ చిత్రాన్ని 90వ ఆస్కార్‌కు భారత్ తరఫున పంపారు. నామినేషన్ రాలేదు. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది.

అయితే ఓటు ఎవరి కోసమో ఆ 76 మందిలో దాదాపు ఎవరికీ తెరపై సొంత కథ లేదు. మల్కో ఒక్కరే వాళ్ల తరఫున మాట్లాడతారు. నియమం పాటించినంత మాత్రాన ప్రజాస్వామ్యం ఆ ఊరికి చేరదని సినిమా స్పష్టంగా చూపిస్తుంది. చేరితే ఆ ఊరు ఏమంటుందన్నది మాత్రం తెర బయటే ఉండిపోయింది.